ఎదురుచూపులోని ఆనందము

విశ్వాసము గలవానికి వేదన ఉండవచ్చునా? లోకము కలతపడియున్న వేళ భక్తుడు ఆనందించుట తగునా? ఈ రెండు ప్రశ్నలును పైకి వేరుగా తోచినను మూలమున ఒక్కటియే. మొదటిదానికి ‘ఉండరాదు’ అనియు, రెండవదానికి ‘తగదు’ అనియు వెంటనే సమాధానము చెప్పువారు కలరు. నేనును ఒకప్పుడు అట్లే తలచితిని.

2020వ సంవత్సరము ఏప్రిల్ 2వ తేదీన శ్రీరామనవమి. మా గూడూరు ప్రాంతపు వైష్ణవ గృహములకు నవమి యనగా భద్రాచలమే. ఆ యేడు మహమ్మారి కారణముగా భక్తులకు ప్రవేశము లేదు. వేలాది జనుల నడుమ జరుగవలసిన సీతారాముల కళ్యాణము కొలదిమంది సమక్షమున ఆలయములోపలనే జరిగినది. మేము ఇంట టెలివిజన్ ఎదుట కూర్చుంటిమి. మాంగల్యధారణ వేళ నా మనస్సు పొంగినది. మరుక్షణమే సిగ్గుపడితిని. మా వీధిలోనే కూలి దొరకక పొయ్యి వెలుగని ఇండ్లున్నవి. పిల్లలను చంకనెత్తుకొని నగరములనుండి స్వగ్రామములకు కాలినడకన పోవువారిని ముందురోజులలో ఆ పెట్టెలోనే చూచియుంటిమి. ఇట్టి సమయమున నాకీ సంతోషమేల?

నా ముఖము చూచి మా అమ్మ కారణమడిగినది. చెప్పితిని. ఆమె ఒక్క క్షణమాగి, “తలుపులు మనకు మూసిన్రు గని స్వామికి మూయలేదు గద బిడ్డా! లే, ఈ పానకం, ఆ బియ్యం తీస్కపోయి ఆ నాలుగిండ్ల గడపలకాడ పెట్టిరా” అన్నది. నా ప్రశ్నకు ఆమె వాదముతో బదులు చెప్పలేదు. నాకొక పని చెప్పినది.

భగవద్దర్శనము కరవగుట మనవారికి క్రొత్త కాదు. 1323లో ఉలుగ్ ఖాను సేనలు మన ఓరుగల్లును పట్టుకొనగా కాకతీయ రాజ్యము కూలినది. ఆ దండయాత్రల కాలముననే శ్రీరంగముపైనను దాడి జరిగినది. వృద్ధులైన పిళ్ళై లోకాచార్యులు ఉత్సవమూర్తియైన నంపెరుమాళ్ళను వెంటనిడుకొని తరలిపోయిరి. శ్రీరంగమును మరల చూడకయే పరమపదించిరి. స్వామి అనేక స్థలములు తిరిగి, కొంతకాలము తిరుమలలో ఆశ్రయమొంది, 1371లో శ్రీరంగమునకు మరల వేంచేసెనని సంప్రదాయము. తిరుమల యాత్ర చేసినవారందరును చూచిన రంగనాయక మండపము ఆ గాథకు గుర్తుగా నేటికిని నిలిచియున్నది.

ఒక్క విషయము ఆలోచింపుడు. ఆ నలుబదియెనిమిది ఏండ్లలో శ్రీరంగమున పుట్టి పెరిగినవారు స్వామిని కన్నులార చూచి యెరుగరు. తల్లిదండ్రులు చెప్పగా విన్నారు. వారికి వారసత్వముగా లభించినది దర్శనము కాదు, దర్శనమునకై తపన. ఆ తపనయే చల్లారియున్నచో, తిరిగి వచ్చిన స్వామికి ఎదురేగువారు ఎవరుందురు?

మన ఆచార్యులు ప్రపన్నులను రెండు తెగలుగా చెప్పిరి. ఈ దేహమున్నంతవరకు ఓర్చి, దేహావసానమున మోక్షమును కోరువాడు దృప్తుడు. క్షణకాలపు ఎడబాటును సహింపలేక ఇప్పుడే కావలెనని తపించువాడు ఆర్తుడు. ఆర్తుని తొందర అవిశ్వాసమని వారనలేదు. ‘తప్పక రక్షించును’ అను మహావిశ్వాసము శరణాగతికి అంగమే కదా! ఆ విశ్వాసము గలవాడే పిలుచును. వచ్చువాడు లేడనుకొన్నవాడు వాకిట నిలిచి దారి చూడడు. కనుక వేదన విశ్వాసమునకు లోపము కాదు. అది విశ్వాసపు కంఠధ్వని.

మరి సందేహమో? మాకు సమీపమున, నేటి జనగామ జిల్లాలోని బమ్మెరలో, పదునైదవ శతాబ్దమున వెలసిన పోతనామాత్యుని గజేంద్రుని తలచుకొందము. మొసలి పట్టు బిగిసి బలముడిగినవేళ ఆ గజరాజు, దీనులయెడ ఉన్నాడని అందరును చెప్పు ఆ దేవుడు నిజముగా ఉన్నాడా, లేడా అని కూడ శంకించెను. అయినను పిలుచుట మానలేదు. శ్రీహరియు ఆ శంకను తప్పుగా ఎంచి ఆలసింపలేదు. ఓరుగల్లు కూలిన పిదప రాజ్యములు మారుచున్న నేలపై పుట్టిన కావ్యములో ఈ మాట ఉండుట మనకు గొప్ప ఊరట.

ఇక ఆనందము సంగతి. ధనుర్మాసమున మనము అనుసంధించు తిరుప్పావైలో మూడవ పాశురము భావము స్మరింపుడు. ఆండాళ్ తల్లి కోరినది శ్రీకృష్ణుని. కాని ఆమె నోము ఫలముగా చెప్పినది దేశమంతట నెలకు మూడు వానలు, నిండుగా పెరిగిన వరిచేలు, కుండలు నిండ పాలిచ్చు గోవులు. తన విరహములో ఊరివారి ఆకలిని ఆమె మరువలేదు. కనుకనే ఆమె సంతోషము స్వార్థము కాలేదు.

మా జిల్లాలోని చిన్నగూడూరులో 1925లో ఒక శ్రీవైష్ణవ కుటుంబమున జన్మించిన దాశరథి కృష్ణమాచార్యులు నిజాము పాలననెదిరించి చెరసాల పాలైరి. నిజామాబాదు జైలు గోడలమీద బొగ్గుతో పద్యములు వ్రాసిరి. ఆ కవియే 1966 నాటి ‘రంగులరాట్నం’ చలనచిత్రమునకు, మా మొర స్వామికి వినిపింపుమని అలమేలుమంగమ్మను వేడు పాటను రచించిరి. అమ్మ పురుషకారమును గూర్చి ఇంతకన్న తేటగా ఎట్లు చెప్పుట? ప్రజల బాధను చూచి మండిన గుండెయు, అమ్మ ఎదుట కరగిన గుండెయు ఒక్కటియే.

ఇప్పుడు నా పాత ప్రశ్నకు ఈ రీతిగా సమాధానము చెప్పుకొందును. భగవంతునివలన కలిగిన ఆనందము మన చేతిని విప్పినచో అది సత్యము. తలుపు మూయించినచో అది వట్టి మైమరపు. ఆర్తియు అట్లే. అది మనలను ఇతరుల గడపకు నడిపించినచో భక్తి. మూల కూర్చుండబెట్టినచో దుఃఖము మాత్రమే.

2021లోను భక్తులకు భద్రాచల కళ్యాణ దర్శనము లభింపలేదు. 2022లో ద్వారములు తెరచునాటికి మా అమ్మ లేదు. ఆమె ఎదురుచూపు వ్యర్థమైనదా యని బంధువులొకరు కన్నీటితో అడిగిరి. లోకాచార్యులును శ్రీరంగమును మరల చూడలేదని మాత్రము చెప్పితిని. ఆ నవమినాడు గడపలకడ పానకపు చెంబులు పెట్టివచ్చుచుండగా, ఒక ఇంటినుండి ఒక పసిపిల్ల తొంగిచూచి నవ్వినది. వచ్చి ఆ మాట చెప్పగా అమ్మ చేతులు జోడించినది. ఆమెకు దర్శనము కాలేదని నేనిప్పుడు అనజాలను.