అవయవలోపము – ఆరాధనాధికారము

షామీర్‌పేట చేరువనున్న దేవరయాంజాల్ శ్రీ సీతారామస్వామి సన్నిధికి ప్రతి శనివారము వచ్చుచుండిన మేడ్చల్ పెద్ద యొకరు హఠాత్తుగా రాక మానిరి. కారణము తరువాత తెలిసినది. మూత్రములో నెత్తురు కనబడినది, నొప్పి లేదు. నొప్పి లేనిది వ్యాధి కాదని వారు నెలలు గడిపిరి. తుదకు పరీక్షింపగా మూత్రాశయమున క్యాన్సరు ఏర్పడి కండరములోనికి చొచ్చినదని తేలినది. యౌవనమున అలవడిన బీడీయే ముఖ్యకారణమై యుండునని వైద్యులనిరి. వారి బాధ మాత్రము వేరు. "ఆశయమును తీసివేసి పొట్టపై సంచి తగిలించినచో, నేను మరల తిరువారాధనమునకు తగుదునా?"

ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. ముందు వైద్యమార్గములను తెలిసికొందము.

మొదటిది, తగినవారికి ముందుగా సిస్‌ప్లాటిన్ మున్నగు ఔషధములిచ్చి, పిదప మూత్రాశయమును, చుట్టునున్న లసికగ్రంథులను, పురుషులకు ప్రోస్టేటును గూడ తొలగించుట. చిన్నప్రేగు తునకతో పొట్టపై ద్వారమమర్చి సంచి కట్టుదురు. కొందరికి ఆ ప్రేగుతోనే లోపల నూతనాశయమును కుట్టుదురు. రెండవది, మూత్రమార్గము గుండ పుండును వీలైనంతవరకు గీకి తీసి, కొన్ని వారములు రేడియేషనును ఔషధమును కలిపి యిచ్చుట. ఆశయము దేహముననే నిలుచును. కాని జీవితాంతము గొట్టము వేసి లోపల చూపించుకొనుచుండవలెను. పుండు మరల లోతుగా మొలచినచో శస్త్రచికిత్స తప్పకపోవచ్చును.

ఏది మేలు? చీటీ వేసినట్లు రోగులను రెండు మార్గములకు పంచి తేల్చవలెనని బ్రిటనులో 'స్పేర్' అను పరిశోధన నారంభించిరి. చాలినంతమంది చేరకపోవుటచే అది ఆగిపోయినది. తన అవయవమును చీటీకి ఒప్పగించుట ఎవరికి సులభము? 2023లో 'లాన్సెట్ ఆంకాలజీ' పత్రికలో ఉత్తర అమెరికాకు చెందిన మూడు వైద్యకేంద్రములవారు 722 మంది వృత్తాంతములను సరిపోల్చి ప్రకటించిరి. ఐదేండ్లలో వ్యాధి దూరావయవములకు ప్రాకనివారు శస్త్రచికిత్స పొందినవారిలో నూటికి 74 మంది, ఆశయము నిలుపుకొన్నవారిలో 75 మంది. అయితే వీరందరు రెండు మార్గములకును అర్హులు: పుండు ఒక్కటే, 7 సెంటీమీటర్లకు లోపు, రెండు మూత్రపిండములును ఉబ్బియుండరాదు. ఆ అర్హత లేనివారికి ఈ లెక్క వర్తింపదు.

కావున ఆశయమును నిలుపుకొనగోరుట దేహమోహమని నిందింపరాదు. తగినవారికి అది సక్రమమైన చికిత్సయే. దోషమెచ్చట ననగా, మైలపడుదునను భయము వైద్యుని స్థానమున కూర్చుండి మార్గము నిర్ణయించుటలో. శస్త్రవైద్యుని, రేడియేషను వైద్యుని ఇరువురను అడిగి నిర్ణయించుకొనుట మంచిది. మన ప్రాంతమువారికి నగరమున రెడ్‌హిల్స్‌లో 1955లో స్థాపితమైన మెహదీ నవాజ్ జంగ్ ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి కలదు.

ఇక శౌచము. సంచిలో చేరునది నిన్నటివరకు కడుపులోపలనే యున్నది గదా! దానిని మోయుచునే మనమందరము సన్నిధికి పోవుచున్నాము. ఆతురులకు మంత్రస్నానము, మానసస్నానము శాస్త్రమే విధించినది. ప్రపత్తికి దేశకాలనియమము లేదని శ్రీవచనభూషణమున పిళ్ళైలోకాచార్యులవారు నిరూపించుచు ద్రౌపదిని ఉదాహరించిరి. ఆమె కౌరవసభలో ఏకవస్త్రయై, రజస్వలయై యుండి కృష్ణుని పిలిచినది. స్నానము చేసి రమ్మని స్వామి అనలేదు. చోళరాజసభలో కన్నులు కోల్పోయిన కూరేశుల వారు పిమ్మట వరదరాజుని స్తుతించిరి. తమకు కీడు చేసిన నాలూరానునికి సద్గతి వేడిరని సంప్రదాయము. అవయవము పోయినందున వారి కైంకర్యము తగ్గినదని ఏ ఆచార్యుడును అనలేదు. గర్భాలయమున అర్చించువారి ఆగమనియమము వేరు. దానిని వారి ఆచార్యులే తేల్చవలెను. గృహస్థుని పూజకు ఆ నియమమును తెచ్చి అతికించుట మన అతిచాదస్తము.

నిజమునకు రోగిని మైలపరచునది సంచి కాదు, ఇంటివారి చూపు. ఆ పెద్ద ఇంట కంచము వేరుచేసిరి, పూజగది తాళము కోడలి చేతికి మారినది. ఆయన శస్త్రచికిత్సకు జంకిన కారణములలో ఇదియు నొకటి. ఇట్టి పుండునకు చికిత్స మూడు మాసములకు మించి జాప్యమైనచో ఆయువు తగ్గునని వైద్యులందురు; ఇంటిలోని మౌనము ఆ మాసములను మింగుచుండినది.

వారికి రెండు మూత్రపిండములును ఉబ్బియుండుటచే ఆశయమును నిలుపు మార్గము తగదనిరి. చివరకు సమ్మతించిరి. మొన్నటి శనివారము సన్నిధిలో మెల్లగా ప్రదక్షిణము చేయుచు కనబడిరి. సంచి పంచె క్రింద నున్నది. తీర్థమిచ్చుచు అర్చకస్వామి ఎప్పటివలెనే వారి శిరస్సుపై శఠారి నుంచిరి.