కూలి వేరు, జకాత్ వేరు

రమజాన్ దగ్గర పడుతుంటే అమీర్‌పేట, పంజగుట్ట మస్జిదులలో తరచు వినిపించే ప్రశ్న ఒకటి ఉంది. ఇక్కడ దుకాణాలు, మెస్సులు, హాస్టళ్లు నడుపుకునే సోదరుల్లో చాలామంది పల్లెల నుంచి వచ్చినవారే. జకాత్ లెక్క తీసి కొంత సొంత ఊరికి పంపుతారు. వారు అడిగేదేమిటంటే: "మౌలానా సాహెబ్! ఏటా ఆ మనుషులకే ఇస్తున్నాం. చెయ్యి చాచటం వాళ్లకు అలవాటైపోతోంది. ఈసారి పని చేయించి ఇస్తే ఎలా ఉంటుంది? ఖబరస్తాన్ గోడ కూలింది, చెరువు కాలువ పూడిపోయింది. వాళ్లకు డబ్బూ అందుతుంది, ఊరికి పనీ జరుగుతుంది కదా?"

ఉద్దేశం మంచిదే. కాని ఇందులో రెండు విషయాలు కలిసిపోయాయి.

ధనికుల సొమ్ములో అడిగేవారికీ, అడగలేక ఉండిపోయేవారికీ నిర్ణీతమైన హక్కు ఉందని దివ్యఖుర్ఆన్ తెలుపుతోంది. ఒకరి హక్కు వారికి అప్పగించటానికి బదులుగా పని అడగటం ఏ న్యాయం? హనఫీ ధర్మవేత్తల ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడి చేతికి అతని సొంత ఆస్తిగా చేరాలి. దీన్నే తమ్లీక్ అంటారు. చేసిన పనికి ప్రతిఫలంగా ఇస్తే అది కూలి అవుతుంది, జకాత్ చెల్లినట్టు కాదు. (జకాత్ వసూలు చేసే సిబ్బంది మాట వేరు, వారి వాటా ఖుర్ఆన్‌లోనే ఉంది.) గోడకూ కాలువకూ కూడా ఆ సొమ్ము ఖర్చు పెట్టరాదు. ఇక ఆలోచించండి. పేదవాడు తన హక్కు కోసం ఎండలో చెమటోడుస్తాడు. మనం ఇవ్వవలసిన కూలిని జకాత్ ఖాతాలో రాసుకుంటాం. ఒకే నోటుతో రెండు బాకీలు తీరాయని సంతోషిస్తాం. తీరింది ఒక్కటే!

అలాగని పని చూపించటం చిన్న విషయమేమీ కాదు. అబూదావూద్ హదీసు గ్రంథంలోని సంఘటన మీరు వినే ఉంటారు. ఒక అన్సారీ వ్యక్తి యాచిస్తూ దైవప్రవక్త (స) వద్దకు వచ్చాడు. ఆయన (స) అతని ఇంట్లో ఉన్న దుప్పటిని, నీళ్లు తాగే పాత్రను తెప్పించి సహాబాల మధ్య వేలం వేశారు. రెండు దిర్హములు వచ్చాయి. ఒకదానితో ఇంటివారికి తిండి కొనమన్నారు, రెండోదానితో గొడ్డలి తెమ్మన్నారు. దానికి స్వయంగా కర్ర బిగించి ఇచ్చి, కట్టెలు కొట్టి అమ్ముకో, పదిహేను రోజులు నాకు కనిపించకు అన్నారు. అతను పది దిర్హములు సంపాదించుకుని తిరిగి వచ్చాడు. మన ప్రసంగాల్లో గొడ్డలి గురించే చెబుతాం. మొదటి దిర్హమును మరచిపోతాం. ఆ ఇంటికి ముందు తిండి చేరింది, తరువాతే గొడ్డలి వచ్చింది. కట్టెలమ్మిన డబ్బు కూడా పూర్తిగా అతనిదే.

గొడ్డలి పట్టలేనివారి సంగతి? వృద్ధుడైన ఒక ముస్లిమేతరుడు యాచిస్తుండగా చూసి హజ్రత్ ఉమర్ (ర) అతనికి జిజ్యా మాఫీ చేసి, బైతుల్‌మాల్ నుంచి భత్యం ఏర్పాటు చేశారని ఇమామ్ అబూయూసుఫ్ తన కితాబుల్ ఖరాజ్‌లో రాశారు. ఆ ముసలివాణ్ణి ఏ పనీ చేయమనలేదు. మన పంజగుట్టలోనే చూడండి. నిమ్స్ ఆసుపత్రికి రోగిని తీసుకొచ్చి, డబ్బు అయిపోయి దిక్కుతోచక కూర్చున్న పల్లె మనిషిని పని చేస్తేనే ఇస్తామంటామా?

ప్రభుత్వం చేసిన ప్రయత్నం కూడా గమనించదగింది. 2005 చట్టం కింద 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆనాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించిన ఉపాధి హామీని మన పల్లెలు 'కరువు పని' అని పిలుచుకున్నాయి. గ్రామీణ కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని, అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి అని చట్టంలో రాశారు. పని చోట తాగునీరు, నీడ ఉండాలన్నారు. తల్లుల వెంట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురుంటే వారిని చూసుకోవటానికి ఒక కూలీ స్త్రీని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలన్నారు. పిల్లల్ని చూసుకోవటాన్ని పనిగా లెక్కించటం నాకు ఎంతో నచ్చిన విషయం. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో 125 రోజుల హామీతో కొత్త చట్టం చేసింది.

అక్కడ కూలీ ఎవరి దయనూ అడగలేదు, పని అడిగాడు. కాని 15 రోజుల్లో రావలసిన కూలి ఎన్నోచోట్ల వారాలు, నెలలు ఆలస్యమైంది. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్నారు దైవప్రవక్త (స). పని పూర్తిగా చేయించుకుని కూలి ఎగ్గొట్టినవాడికి ప్రళయదినాన తానే ప్రతివాదినని అల్లాహ్ హెచ్చరించినట్టు బుఖారీలో ఉంది. ఈ హెచ్చరిక ప్రభుత్వాలకే అనుకోకండి. మెస్సులో గిన్నెలు కడిగే పిల్లవాడి జీతం ఆపే సోదరులు మన వీధుల్లోనూ ఉన్నారు.

కనుక ఊరి కోసం రెండు పుస్తకాలు పెట్టండి. జకాత్ పుస్తకంలోనిది వితంతువుకు, రోగికి, అప్పులపాలైనవాడికి ఏ షరతూ లేకుండా ఇవ్వండి. ఏటా ఆ మనుషులే వస్తున్నారంటే వారి కష్టం తీరలేదని అర్థం. శక్తి ఉన్నవాడికి ఆ సొమ్ముతోనే కుట్టు మిషనో, తోపుడు బండో, రెండు మేకలో కొని అతని సొంతం చేయండి. గోడకూ కాలువకూ నఫిల్ సదఖాతో వేరే పుస్తకం తెరవండి. ఊరి కూలి రేటు ఎంతో అంతా, ఏ రోజు కూలి ఆ సాయంత్రమే ఇవ్వండి. కాలువ నీళ్లు అందరివీ. ఈ పనికి హిందూ సోదరులను పిలవటానికి అభ్యంతరం లేదు.

పని మొదలుపెట్టే ముందు అది ఎవరికి ఉపయోగపడుతుందో చూడండి. మనం జుమా రోజున చదివే కహఫ్ సూరాలో హజ్రత్ ఖిజర్ (అ) కూలబోతున్న గోడను నిలబెట్టారు. దానికి కూలి తీసుకోవచ్చు కదా అన్నారు హజ్రత్ మూసా (అ). ఆ గోడ ఇద్దరు అనాథ పిల్లలది, దాని కింద వారి నిధి ఉంది. ఆ పిల్లల్ని ఒక్క ఇటుక మోయమని కూడా ఎవరూ అడగలేదు. మన ఊళ్లలో పూడిక తీసే కాలువ తరచు పెద్ద రైతు పొలం దగ్గరే ఆగిపోతుంటుంది.

ఇక ఒక చిక్కు మిగిలింది. ఊరికే ఇస్తే తీసుకోని వృద్ధులు ఉంటారు. అడగని వారి ఆత్మాభిమానం చూసి తెలియనివారు వారిని కలిగినవారనుకుంటారని ఖుర్ఆన్ వర్ణించింది. అలాంటి పెద్దమనిషి పనికి వస్తానంటే వద్దనకండి. కూలీలకు నీళ్లు అందించే పని అప్పగించి, అందరితో సమానంగా కూలి ఇవ్వండి. జకాత్ కూడా అతనికి విడిగా చేర్చండి. ఇచ్చేవాడి సంకల్పం ఉంటే చాలు, అది జకాత్ అని అతనికి చెప్పవలసిన అవసరం లేదు.