మామూలు ఎంత?

"తినొచ్చునా బిడ్డా, తినొద్దా? గదొక్కటి చెప్పు."

చెరువు కట్ట మీద చేపలమ్మే అవ్వ అడిగింది. అప్పుడు నా చేతిలో చెరువు అడుగు బురద నింపిన ప్లాస్టిక్ గొట్టం ఉంది. హైదరాబాద్ శివార్లలో, ఒకప్పుడు పొలాలకి నీళ్ళిచ్చిన చెరువు అది. ఇప్పుడు ఒక పక్క అపార్ట్‌మెంట్లు, ఇంకో పక్క పాత బ్యాటరీలు విప్పే షెడ్లు. ఆ బురదలో సీసం, కాడ్మియం, క్రోమియం ఎంతెంత ఉన్నాయో అప్పటికి నాలుగు నెలలుగా కొలుస్తున్నాను. నా పీహెచ్‌డీ అదే.

"మామూలుగానే ఉందవ్వా, భయమేం లేదు" అన్నాను.

ఆమె సంబరపడి ఒక రవ్వ చేపని కవర్లో వేసి నా చేతిలో పెట్టబోయింది. "వద్దవ్వా, ఇవాళ శనివారం కదా, తినను" అన్నాను.

నాకు శనివారాల పట్టింపు ఎప్పుడూ లేదు.

చాలా రోజులు ఆ శనివారం మాటే నేనాడిన అబద్ధం అనుకున్నాను. పెద్ద అబద్ధం దానికంటే ముందే ఆడేశానని తర్వాత అర్థమైంది. అది "మామూలు" అన్న మాటలో ఉంది.

బురదలో సీసం దొరికినంత మాత్రాన కాలుష్యం అనలేం. సీసం రాతిలోనే ఉంటుంది. భూమి పైపొర రాళ్ళలో సగటున కిలోకి 17 మిల్లీగ్రాములు ఉంటుందని ఒక లెక్క, షేల్ అనే బురదరాయిలో 20 అని ఇంకో లెక్క. హైదరాబాద్ గుట్టలు దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్. ఆ రాయి చితికి మట్టయి, వానకి కొట్టుకొచ్చి, చెరువులో పేరుకుంటుంది. రాయితో పాటు దాని సీసమూ వస్తుంది. అందుకే "ఎంత ఉంది" అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు, "ఎంత ఉండాల్సింది" అని కూడా అడగాలి. 1969లో ముల్లర్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీనికో సూచిక ఇచ్చాడు. దొరికిన లోహాన్ని, అక్కడ సహజంగా ఉండాల్సిన లోహంతో భాగించాలి. సహజమైన హెచ్చుతగ్గుల కోసం కాస్త సడలింపు ఇవ్వాలి. వచ్చిన సంఖ్యని బట్టి ఏడు తరగతులు. మొదటిది "కాలుష్యం లేదు". చివరిది "అతి తీవ్ర కాలుష్యం".

ఇందులో లవాన్ని మెషీన్ ఇస్తుంది. హారాన్ని మనం ఎంచుకోవాలి.

నా హారం కోసం చెరువుకి ఎగువన, రోడ్డు పక్కన, కంటికి శుభ్రంగా కనిపించిన చోట మట్టి తీశాను. దానితో భాగిస్తే చెరువు బురద పెద్దగా చెడిపోలేదని వచ్చింది. తర్వాత చెరువు మధ్యలో తీసిన గొట్టం అట్టడుగు పొరని, అంటే బండ్లూ షెడ్లూ రాక ముందు పేరుకున్న మట్టిని, హారంగా పెట్టి చూశాను. అదే బురద, అదే మెషీన్. తరగతి మారిపోయింది. నేను శుభ్రం అనుకున్న మట్టి మీద దశాబ్దాల పాటు సీసం కలిపిన పెట్రోల్ పొగ పడింది. మన దేశంలో ఆ పెట్రోల్ అమ్మకం ఆగింది 2000లోనే. మురికి గుడ్డ పక్కన ఇంకో మురికి గుడ్డ పెట్టి, రెండూ ఒకే రంగులో ఉన్నాయి కాబట్టి ఫర్వాలేదన్నాను.

ఈ హారం గొడవకే జీవితంలో సగం ఇచ్చిన మనిషి ఒకాయన ఉన్నాడు. క్లెయిర్ ప్యాటర్సన్, అమెరికన్ జియోకెమిస్ట్. ఉల్కల్లోని సీసం ఐసోటోపులతో భూమి వయసు దాదాపు 455 కోట్ల ఏళ్ళని 1956లో ప్రకటించింది ఆయనే. ఆ పనిలో ఆయన్ని ఏళ్ళ తరబడి ఏడిపించిందీ సీసమే. శాంపిల్లో ఉండాల్సిన దానికంటే ఎప్పుడూ ఎక్కువ వచ్చేది. గాలిలోంచి, గాజు పాత్రల్లోంచి, యాసిడ్లలోంచి వచ్చి పడేది. ల్యాబ్‌ని కడిగి కడిగి, గాలిని వడకట్టి, చివరికి ఎలాగో గెలిచాడు. ఆ తర్వాత ఆయన్నో అనుమానం పట్టుకుంది. నా ల్యాబ్‌లోకే ఇంత వస్తుంటే బయట బతికే మనుషుల ఒంట్లో ఎంత ఉన్నట్టు? సగటు అమెరికన్ రక్తంలో సహజంగా ఉండాల్సిన దానికి వంద రెట్ల దాకా సీసం ఉందని 1965లో రాశాడు.

అవతలి పక్క రాబర్ట్ కీహో. సీసం పెట్రోల్ కంపెనీల డబ్బుతో పరిశోధనలు చేసిన డాక్టర్. ఆయన వాదన వినడానికి న్యాయంగానే ఉంటుంది. సీసం అందరి ఒంట్లోనూ ఉంది. 1930లలో, కార్లకి దూరంగా బతికే మెక్సికో పల్లె జనాన్ని పరీక్షిస్తే వాళ్ళలోనూ దొరికింది. కాబట్టి సీసం ఒంట్లో ఉండటం సహజం, ఒక హద్దు దాటేదాకా హాని లేదు. అయితే ఆ పల్లె వాళ్ళు అన్నం తినే మట్టి పాత్రలకి సీసం పూత ఉంది. నేను ఎగువ మట్టిని నమ్మినట్టే ఆయన ఆ పల్లెని నమ్మాడు. తేడా ఏంటంటే ఆయన నమ్మకానికి జీతమిచ్చేవాళ్ళున్నారు.

నిజమైన హారం కోసం ప్యాటర్సన్ గ్రీన్‌లాండ్ మంచులోకి వెళ్ళాల్సొచ్చింది. క్రీ.పూ. 800 నాటి మంచుతో పోలిస్తే 1960ల మంచులో సీసం 200 రెట్లు ఎక్కువని 1969లో ఆయన బృందం చూపించింది. అయినా గాలిలో సీసం మీద 1971లో నివేదిక ఇచ్చిన జాతీయ నిపుణుల కమిటీలో ఆయనకి చోటివ్వలేదు. ఆయన 1995 డిసెంబర్‌లో చనిపోయాడు. అమెరికా రోడ్ల మీద సీసం పెట్రోల్‌పై పూర్తి నిషేధం అమల్లోకి వచ్చింది 1996 జనవరి 1న.

మన భాషలో "మామూలు" అంటే ఎప్పుడూ ఉండేది, అందరూ చేసేది. ఆఫీసులో బల్ల కింద ఇచ్చేదాన్ని కూడా మామూలనే అంటాం. అందరూ ఇస్తున్నారు కాబట్టి అది లంచంలా వినిపించదు. "సహజం" వేరు. కూడా పుట్టింది సహజం. ఇంత సీసం మనతో పుట్టలేదు, మనకి అలవాటైంది. హాని అందరి మీదా సమానంగా పడినప్పుడు పోల్చి చూసుకోవడానికి బాగున్నవాడు ఒక్కడూ మిగలడు. అప్పుడు ఆ హానికే ఆరోగ్యం అని పేరొస్తుంది.

హద్దులు కూడా ఇలాంటివే. పిల్లల డెసీలీటరు రక్తంలో 60 మైక్రోగ్రాముల దాకా సీసం ఉన్నా ఫర్వాలేదని 1960లలో అమెరికాలో అనుకున్నారు. ఆందోళన పడాల్సిన ఆ గీత 1991 నాటికి 10కి, 2012లో 5కి, 2021లో 3.5కి దిగింది. సీసం విషయంలో సురక్షితమైన మోతాదంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు చెబుతోంది. "మీ బాబుకి నార్మలే" అని ఆ రోజుల్లో ఒక తల్లికి చెప్పిన డాక్టర్ తనకి తెలిసి అబద్ధమాడలేదు. నేనూ ఆడలేదనే చెప్పుకోవచ్చు. కానీ ఆ డాక్టర్‌కి చేపని వద్దనే అవకాశం రాలేదు. నాకొచ్చింది. నోరు మామూలే అంటుంటే చెయ్యి వెనక్కి పోయింది.

సహజమైతే మంచిదా అని ఎవరైనా అడగొచ్చు. కాదు. నల్లగొండ నీళ్ళలో ఫ్లోరైడ్ రాతి నుంచి వచ్చిందే, పూర్తిగా సహజం. అది ఎన్ని తరాల ఎముకల్ని వంచిందో మనకి తెలుసు. కాబట్టి హారం మంచీచెడూ చెప్పదు. ఈ చెడు ఎవరి వల్ల వచ్చిందో చెబుతుంది. రాయిని బోనెక్కించలేం, మంచినీళ్ళు ఇవ్వడమొక్కటే మన పని. చెరువులో సీసానికి మాత్రం చిరునామా ఉంటుంది. "మామూలే" అన్నామంటే ఆ చిరునామా చెరిపేసినట్టే. థీసిస్‌లో ఒక తప్పు హారం, బయట ఎవరికో ఇచ్చిన క్షమాపణ పత్రం.

నిజం చెప్పినా చిక్కే. చేపల్లో సీసం అన్న మాట బయటికొస్తే మర్నాడు ఖాళీ అయ్యేది అవ్వ గంప. షెడ్లు నడుస్తూనే ఉంటాయి. ఇది తెలిసే నోరు మూసుకున్నానని సర్దిచెప్పుకోబోయాను. కుదరలేదు. ఆమె బతుకుతెరువు గురించి ఆమె బదులు నేనెలా తేలుస్తాను? ఆమె అడిగింది ఓదార్పు కాదు, సమాచారం.

పోయిన నెల మళ్ళీ వెళ్ళాను. "అవ్వా, నేను కొలిచింది బురదని, చేపని కాదు. బురదలో సీసం వెనకటి కంటే ఎక్కువుంది. చేపని ఇంకా కొలవాలి. ఆ రోజు మామూలే అని చెప్పడం నా తప్పు" అన్నాను.

"కొలిచేదాంక ఏం తినాలె? ఏం అమ్మాలె?" అంది. నా దగ్గర జవాబు లేదు, లేదనే చెప్పాను. ల్యాబ్ కోసం మూడు చేపలు కొన్నాను. ఆమె తూకం వేస్తూ నా మొహం చూసి, "ఇయ్యాల గూడ శనివారమే గద బిడ్డా" అంది.

"తినడానికి కాదవ్వా, కొలవడానికి."

డబ్బులు కొంగున ముడేసుకుని ఇంకో ప్రశ్న అడిగింది.

"కొలిచి మంచిగుందంటవనుకో. గప్పుడు నువ్వు గూడ తింటవా?"