బిడ్డ ఎవరి సొత్తు?

పరీక్షల దినములు సమీపించినపుడు మంగళగిరి కొండ మెట్లపై ఒక దృశ్యము తఱచుగా కనబడును. తల్లిదండ్రులు ముందు నడచుచుందురు. పరీక్షకు కూర్చుండబోవు బిడ్డ వెనుక వచ్చుచుండును. పానకాల స్వామి సన్నిధిలో బెల్లపు పానకము సమర్పించి, హాల్ టికెట్టు కన్నుల కద్దుకొని, వారు మ్రొక్కుకొను మ్రొక్కు ఒక్కటియే: మంచి ర్యాంకు రావలెను.

ఇందు తప్పేమియు లేదు. కష్టమునందును కోరికయందును భగవంతుని ఆశ్రయించుట సుకృతమే. కాని ఆ కొండపై వెలసిన స్వామి ఎవరో ఒక్క క్షణము స్మరింపవలెను. ఒక తండ్రి తన కుమారుని చదువును గూర్చి ప్రశ్నించి, తాను కోరిన సమాధానము రాకపోగా ఆ పసివానిని హింసించినపుడు, ఆ బిడ్డను కాచుటకై కంబమునుండి వెడలివచ్చిన నృసింహుడాయన. అట్టి స్వామి యెదుట నిలిచి మనము మన బిడ్డల చదువును గూర్చి ఏమి కోరదగును? అసలు వారి భవిష్యత్తును నిర్ణయించు అధికారము మనకెంతవరకు కలదు? ఈ ప్రశ్న మన ప్రాంతమున ప్రతి గృహస్థుడును విచారింపదగినది.

కృష్ణా డెల్టా ప్రజలకు చదువుపై మక్కువ నేటిది కాదు. 1855లో విజయవాడ యొద్ద ఆనకట్ట పూర్తియైన పిదప కాలువల నీరు పొలములకెక్కినది. పంటతో పాటు పాఠశాలలును పెరిగినవి. రైతు తాను మోకాలిలోతు బురదలో నిలిచి కుమారుని కళాశాలకు పంపినాడు. ఆ త్యాగము వలననే ఎన్నో కుటుంబములు పైకి వచ్చినవి. 1986లో ఎంసెట్ పరీక్ష ప్రారంభమైనది. క్రమక్రమముగా విజయవాడ చుట్టుపట్ల వసతి కళాశాలలు వందలుగా వెలసినవి. నేడు వేసవి సెలవులు ముగియు దినములలో పండిత నెహ్రూ బస్ స్టేషన్‌లో చూచినచో, ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, బకెట్టు పట్టుకొని తండ్రి ముందు నడచుచుండగా వెనుదిరిగి చూచుచు పోవు పిల్లలు కనబడుదురు. ఆరవ తరగతి నుండియే ఐ.ఐ.టి. పునాది పాఠములు చదువు పసివారును వారిలో నుందురు.

దీని రెండవ పార్శ్వమును చెప్పక తప్పదు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారము 2022వ సంవత్సరమున దేశములో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరి. అన్నింటికిని చదువే కారణమని చెప్పరాదు. కారణములు పలు విధములు. అయినను పరీక్షలో తప్పుటయే కారణముగా ప్రాణము విడిచినవారు కూడ వేల సంఖ్యలో కలరు. ప్రతి సంఖ్య వెనుక ఒక ఇల్లు, ఒక తల్లి కలదు.

విశాఖపట్టణమున వైద్య ప్రవేశపరీక్షకు చదువుచు 2023లో మరణించిన పదునేడేండ్ల బాలిక తండ్రి న్యాయము కోరి సుప్రీంకోర్టు నాశ్రయించెను. ఆ వ్యాజ్యములో 2025 జూలై 25వ తేదీన న్యాయస్థానము దేశమంతటికిని వర్తించు మార్గదర్శకములను విధించినది. నూరుగురు లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయు అర్హతగల కౌన్సిలర్‌నో, మనస్తత్వ నిపుణునో నియమించుకొనవలెను. మార్కులనుబట్టి పిల్లలను వేర్వేరు తరగతులుగా విడదీయరాదు, పదిమందిలో అవమానింపరాదు, శక్తికి మించిన లక్ష్యములు పెట్టరాదు. తల్లిదండ్రులకును అవగాహన కార్యక్రమములు జరుపవలెను. ఇవియన్నియు శ్లాఘనీయములే. న్యాయస్థానము విద్యాలయములను ఆజ్ఞాపింపగలదు. కాని సాయంకాలము ఇంటి వసారాలో తండ్రి బిడ్డను అడుగు ప్రశ్నను ఆజ్ఞ మార్చలేదు. దానిని మార్చవలసినది ధర్మబుద్ధియే.

ఆ ధర్మబుద్ధికి మూలము మన తిరుమంత్రముననే కలదు. ప్రణవములోని అకారము శ్రీమన్నారాయణుని, మకారము జీవుని తెలుపుననియు, నడిమి ఉకారము ఈ జీవుడు ఆయనకే చెందినవాడు, మరియొకరికి కాడని నిశ్చయించుననియు మన పూర్వాచార్యులు వివరించిరి. దీనినే అనన్యార్హ శేషత్వమందురు. ఈ అర్థమును మనము మనకై అనుసంధించుకొందుము. కాని మన యింట పుట్టిన బిడ్డకును ఇది వర్తించునని ఎందరము తలంచుచున్నాము? 'మరియొకరికి కాడు' అను మాటలో తల్లిదండ్రులును చేరుదురు గదా! బిడ్డ మన సొత్తు కాదు. స్వామి మన యింట దాచిన ఇల్లడ. ఇల్లడను కాపాడువానికి కర్తవ్యములు రెండు. దానిని పోగొట్టరాదు. దానిని తన అవసరమునకు వాడుకొనరాదు.

ఈ రెండవ కర్తవ్యమును మరచినవాడు హిరణ్యకశిపుడు. శ్రీమద్భాగవత సప్తమస్కంధమున ఆ తండ్రి ప్రేమలేనివాడుగా వర్ణింపబడలేదు. కుమారుని తొడపై కూర్చుండబెట్టుకొని నీకేది మంచిదిగా తోచుచున్నదని ముద్దుగా అడిగెను. శ్రీహరిని ఆశ్రయించుటయే మంచిదని బాలుడు చెప్పగా, ఎవరో వీనికి నూరిపోసినారని నవ్వి, గురుగృహమున ఇంకను జాగ్రత్తగా కనిపెట్టుడని ఆజ్ఞాపించెను. చండామర్కులు బాలుని మరల చదివించి తీసికొనివచ్చిరి. తండ్రి కౌగిలించుకొని, శిరస్సు మూర్కొని, ఆనందబాష్పములు రాల్చుచు, నేర్చినదానిలో ఉత్తమమైనదేదో చెప్పుమనెను. ప్రహ్లాదుడు నవవిధ భక్తిని చెప్పెను. అంతట తండ్రి మొదట గురువును తిట్టెను. పిదప బిడ్డను ఒడినుండి నేలపై త్రోసెను.

ఈ కథ మనకు కొత్తది కాదు. కాని తల్లిదండ్రులు, గురువు, విద్యార్థి ఒకచోట కలిసిన ఈ సమావేశమును నేటి గృహస్థుని కంటితో ఒకసారి చూడవలెను. అడిగినవానికి సమాధానము వినవలెనను కోరిక లేదు. తన సమాధానమునే బిడ్డ నోట వినవలెనను కోరిక కలదు. అది రానందున కాపలా పెంచెను, గురువును నిందించెను, ప్రేమను ఉపసంహరించుకొనెను. మార్కుల పత్రము చూచిన సాయంకాలము మన యిండ్లలో ఈ మూడును జరుగుట లేదా? మనము రాక్షసులము కాము. కాని 'నేను కాలేనిది నా బిడ్డ కావలెను' అను తలంపు అహంకార మమకారముల సంతానమే. బిడ్డను ఒడిలో ఉంచుటకు మార్కులు షరతైననాడు ఆ ఒడి హిరణ్యకశిపుని ఒడియే.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. పసివానికేమి తెలియును? వాని ఇష్టమునకు విడుచుట కర్తవ్యము నుండి తప్పుకొనుట కాదా? నిజమే. ఇల్లడను పోగొట్టరాదను మొదటి కర్తవ్యమిదియే. ధృతరాష్ట్రుడు దీనిని మరచెను. కుమారుని మార్గము చెడ్డదని తెలిసియు వారింపలేక, వాత్సల్యమను పేర వంశమునే నశింపజేసెను. కావున ఒత్తిడి ఎంత దోషమో ఉపేక్షయు అంతే దోషము. రాత్రి జాములవరకు బిడ్డ చేతికి సెల్‌ఫోన్ ఇచ్చి, వాడు నేటికాలపు పిల్లవాడని ఊరకుండువాడు బిడ్డకు స్వేచ్ఛ నిచ్చినవాడు కాడు.

ఈ రెంటికిని నడిమి మార్గము భగవంతుడే చూపినాడు. కురుక్షేత్రమున అర్జునుని దుఃఖమునంతయు మొదట విన్నాడు. మొదటి అధ్యాయమున అర్జునుడు మాటలాడుచుండగా స్వామి ఉపదేశమునకు దిగలేదు. పిదప మందలించినాడు, శాస్త్రము చెప్పినాడు, సందేహములను ఓర్పుతో తీర్చినాడు. అంతయు చెప్పి, చక్కగా విమర్శించుకొని నీకు తోచినట్లు చేయుమని నిర్ణయమును అర్జునునికే విడిచినాడు. కాని అట్లు విడిచినవాడు రథము దిగిపోలేదు, పగ్గములు వదలలేదు. మార్గదర్శనమనగా ఇదియే: మొదట వినుట, పిదప చెప్పుట, ఆ పిదప నిర్ణయింపనిచ్చుట, కడవరకు తోడుండుట.

తండ్రిగా దీనిని ఆచరించి చూపినవాడు విష్ణుచిత్తుడు. ఆ మహనీయుని చరిత్ర మన ప్రాంతమునకు మరింత ఆత్మీయము. కళింగ దండయాత్ర సందర్భమున శ్రీకృష్ణదేవరాయలు విజయవాడలో విడిసి, పిదప కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున హరివాసరోపవాస మొనర్చి ఆంధ్రమహావిష్ణువును సేవించెను. ఆ స్వామి స్వప్నమున ఆనతీయగా వెలసినదే ఆముక్తమాల్యద. విష్ణుచిత్తునికి గోదాదేవి తులసీవనమున దొరకినది. దొరకిన బిడ్డ గనుక ఇల్లడయను సంగతి ఆయనకు మొదటి దినముననే తెలియును. స్వామికల్లిన మాలను ఆమె ముందుగా ధరించినదని తెలిసినపుడు మందలించెను; అది అపచారమని ఆయన నమ్మినాడు గనుక మందలించుట ధర్మమే. కాని ఆమె ధరించిన మాలయే తనకు ప్రియమని స్వామి స్వప్నమున తెలుపగా తన అభిప్రాయమును మార్చుకొనెను. పెద్దవాడనను పట్టుదల లేదు. వివాహ ప్రసక్తి వచ్చినపుడు ఆమె మానవుని వరింపనన్నది. అపుడాయన దివ్యదేశములందలి పెరుమాళ్ల వైభవమును ఒక్కొక్కటిగా వర్ణించి చెప్పినాడని గురుపరంపర తెలుపుచున్నది. ఆమె శ్రీరంగనాథుని వరించినది. తండ్రి దారులన్నియు చూపెను, కుమార్తె ఎన్నుకొనెను.

నేటి గృహస్థునికి దారులు చూపు సాధనములు లేకపోలేదు. మన రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలలందు 2024 డిసెంబరు 7న, మరల 2025 జూలై 10న తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల మహాసమావేశములు జరిగినవి. ప్రవచనకర్త బ్రహ్మశ్రీ చాగంటి కోటేశ్వరరావుగారు 2024 నవంబరులో విద్యార్థుల నైతిక విలువల విషయమున ప్రభుత్వ సలహాదారుగా నియమితులైరి. ఇట్టి సమావేశములకు పోయినపుడు 'మావానికి ఎన్ని మార్కులు?' అను ప్రశ్నతో తిరిగి రాక, 'మావాడు ఏ పనియందు ఆకలి మరచుచున్నాడు? ఎవరితో మాటలాడుచున్నాడు? దేనికి భయపడుచున్నాడు?' అని ఉపాధ్యాయుని అడుగవలెను. బిడ్డను ఎరుగుటకు ఆ మూడు సమాధానములు మార్కుల పత్రముకంటె ఎక్కువ ఉపకరించును.

2020 నాటి జాతీయ విద్యావిధానము 6 నుండి 8 తరగతుల పిల్లలకు పది దినములు పుస్తకాల సంచి లేకుండ స్థానిక వృత్తులవారి చెంత గడపు అవకాశము సూచించినది. ఇందుకు మన సీమకంటె అనువైన చోటేది? కొండపల్లిలో తెల్లపొణికి కర్ర బొమ్మగా మారుట చూడవచ్చును. పెడనలో కలంకారీ అచ్చు గుడ్డపై పడుట చూడవచ్చును. కూచిపూడిలో సిద్ధేంద్రయోగి సంప్రదాయమును, ఆ చెంతనే మొవ్వలో క్షేత్రయ్య కొలిచిన గోపాలుని దర్శింపవచ్చును. అందరును బొమ్మలు చేయువారో నర్తకులో కానక్కరలేదు. తన చేతిలో ఏ విద్య దాగియున్నదో బిడ్డ కనుగొనుటకు ఇట్టి దినములు దర్పణములగును. పరధర్మము ఎంత చక్కగా కనబడినను స్వధర్మమే మేలని గీతాచార్యుడు చెప్పినది యుద్ధభూమికే పరిమితము కాదు.

బిడ్డ ఊరకనే మౌనము వహించినను, అన్నము మానినను, బ్రతికి ప్రయోజనమేమని పలికినను దానిని సోమరితనమని కొట్టివేయరాదు. వెంటనే చెంత చేర్చుకొని వైద్యునికో, కౌన్సిలర్‌కో చూపవలెను. కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ వారు 14416 సంఖ్యలో రేయింబవళ్లు ఉచితముగా మాటలాడుదురు. వైద్యుని యొద్దకు పోవుట భక్తికి లోపము కాదు. ఇల్లడను కాపాడుటలో అదియు భాగమే.

మరల మంగళగిరికి వత్తము. అచట అర్చకులు స్వామి నోట పానకము పోయునపుడు గుటకలు వేయు శబ్దము వినబడును. ఆ శబ్దము ఆగగానే పోయుటయు ఆగును. మిగిలిన సగము ప్రసాదముగా భక్తునికే లభించును. పోయువాని దృష్టి తన పాత్రపై నుండదు. చెవి స్వామి గుటకపై నుండును. బిడ్డకు విద్య నిచ్చు తల్లిదండ్రులకును గురువులకును ఇంతకు మించిన పాఠము లేదు. ఎంత గ్రహించునో అంతయే పోయవలెను. గ్రహించుచున్నాడో లేదో చెవియొగ్గి వినవలెను.

ఈ మారు ఆ మెట్లెక్కినపుడు ర్యాంకును కోరవలదని చెప్పను. కాని దానికి ముందు ఈ ప్రార్థన చేయుదము: స్వామీ, నీ సొత్తును నా సొత్తని భ్రమింపకుండునట్లును, నా బిడ్డ చెప్పు సమాధానము నేను కోరినది కాకున్నను నా ఒడినుండి వానిని దింపకుండునట్లును నాకు బుద్ధి ననుగ్రహింపుము. ప్రహ్లాదవరదుని కృపాకటాక్షము మన బిడ్డలందరిపై ప్రసరించుగాక!