చల్లబడ్డ ఇంజను, తొందరపడే తీర్పు

ఎండాకాలం వచ్చిందంటే నందిగామ, జగ్గయ్యపేట పేర్లు వార్తల్లో తరచూ వినిపిస్తాయి. మండే ఊళ్ల జాబితాలో ఈ రెంటిలో ఒకటి ఉండని మే నెల అరుదు. 45 డిగ్రీలంటే ఇక్కడెవరూ ఆశ్చర్యపోరు. ఇలాంటి మెట్ట సీమలో పాత కారు పొద్దున్నే మొరాయిస్తే 'చల్లబడి ఉంది కదా, అందుకే' అన్న మాట విడ్డూరంగా ఉంటుంది. కానీ ఇంజను లెక్క వేరు. అది కుదురుగా పనిచేయాలంటే లోపలి నీళ్లు 90 డిగ్రీల దాపుకు రావాలి. రాత్రంతా రేకుల షెడ్డు కింద ఆగిన బండికి మే నెల తెల్లవారుజామున 30 డిగ్రీలున్నా అది చలే. మనం మన ఒంటికి తగిలిన దాన్నిబట్టి దాని ఇబ్బందిని అంచనా వేస్తాం. తోటి మనిషి విషయంలో మాత్రం ఇంతకంటే జాగ్రత్తగా ఉంటున్నామా?

పెట్రోలు ద్రవంగా ఉన్నప్పుడు మండదు. ఆవిరై, గాలిలో కలిసి, తగుపాళ్లలో ఉంటేనే నిప్పందుకుంటుంది. ఆ పాళ్లు బరువు లెక్కన ఒక వంతు పెట్రోలుకు సుమారు 14.7 వంతుల గాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు తుంపర్లు గోడలకే అంటుకుపోతాయి, ఆవిరయ్యేది కొంతే. అందుకని వేడెక్కేదాకా పెట్రోలు ఎక్కువ పొయ్యాలి. 1983లో రోడ్డెక్కిన మారుతి 800లో ఈ పని డ్రైవరు చేతిలోని చోక్‌ది. ఎంత లాగాలి, ఎప్పుడు లోపలికి నెట్టాలి అన్నది ఆ బండితో రోజూ మసలిన చేతికే తెలిసేది. 2000 ప్రాంతంలో ఇంజెక్షన్ వచ్చాక ఆ నిర్ణయం కంప్యూటరుకు పోయింది. 2014లో ఆ కారు తయారీ ఆపేశారు. కానీ ఈ ఊళ్ల మీదుగా పోయే హైవేకి అటూ ఇటూ ఉన్న పల్లెల్లో చోక్ లాగి స్టార్ట్ చేసే 800లు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. వాటి యజమానులు వాటిని ముచ్చటకోసం ఉంచుకోలేదు. ఇంట్లో పెద్దావిడను బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే ఉన్నది అదొక్కటే.

నందిగామలో ఒక మెకానిక్ షెడ్డుకు అలాంటి బండే వచ్చింది. సెల్ఫ్ కొడితే తిరుగుతోంది గానీ పట్టుకోవట్లేదు. ఎలాగో పట్టుకున్నా స్లో మీద నిలబడట్లేదు. బానెట్టు దడదడలాడుతోంది, యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఆగిపోతోంది. అప్పటికే వేరే చోట ప్లగ్గులు మార్చారు, తగ్గలేదు. ప్లగ్గు వైర్లు మార్చారు. కార్బొరేటర్‌కి కొత్త కిట్టు వేశారు. మార్చిన ప్రతిసారీ రెండు రోజులు బాగున్నట్టే అనిపించి మళ్లీ మొదటికొచ్చింది. బండి యజమాని అయిన రైతు జేబులోంచి మూడు విడతలుగా డబ్బు పోయింది, బండి అట్లాగే ఉంది.

ఈ షెడ్డు మేస్త్రి పానా పట్టలేదు. అడగడం మొదలుపెట్టాడు. "పొద్దున పూటేనా బాబాయ్, మధ్యాహ్నం ఆపి తీసినా ఇంతేనా?" "పొద్దున మరీ ఎక్కువ. వేడెక్కాక కొంచెం నయం." "రోడ్డెక్కితే?" "రోడ్డెక్కితే గుర్రమేరా అబ్బాయ్. గేటు దగ్గర ఆగితేనే చస్తోంది." ఆ జవాబు విన్నాక అతను పక్క షెడ్డులో తిరుగుతున్న గ్రైండరు కాసేపు ఆపమని కేకేశాడు. ఇంజను స్టార్ట్ చేయించి, కార్బొరేటర్ శుభ్రం చేసే స్ప్రే డబ్బాకి సన్న గొట్టం తగిలించి, మానిఫోల్డు చుట్టూ, రబ్బరు పైపుల అతుకుల దగ్గర కొంచెం కొంచెంగా కొడుతూ చెవి ఒగ్గి నిలబడ్డాడు. ఒకచోట, పైకి కనపడని అడుగు భాగాన, తుంపర తగలగానే ఇంజను గొంతు మారింది. అక్కడ పైపు పగిలి గాలి లాగుతోంది. బొటనవేలితో నొక్కి పట్టుకుంటే దడ తగ్గింది, వదిలితే మళ్లీ మొదలు. రైతును పిలిచి, వేలు తనే పెట్టి చూడమన్నాడు.

ఆ చివరి పని నాకు చాలా పెద్దదిగా కనిపించింది. నమ్మమని అడగలేదు, చూడమన్నాడు. తన తీర్పును బండి యజమాని తన వేలితో పరీక్షించుకునే వీలిచ్చాడు.

మరి రోడ్డు మీద అదే పగులు ఎందుకు బాధ పెట్టలేదు? స్లోలో గాలి దారి దాదాపు మూసుకుని ఉంటుంది. ఇంజను పీల్చే గాలే కొంచెం. దొంగదారిన వచ్చే గాలి అందులో పెద్ద వాటా అవుతుంది. వేగంలో దారి తెరుచుకుంటుంది, వచ్చే గాలి ఎక్కువ, ఆ పగులు వాటా లెక్కలోకి రాదు. పైగా ఈ రోజుల్లో బంకులో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్. ఇథనాల్ మండడానికి తన బరువుకు తొమ్మిది రెట్ల గాలి చాలు. కాబట్టి కార్బొరేటర్‌లోని పాత జెట్లు పాత కొలతలోనే పోస్తుంటే మిశ్రమం ఆ మేరకు ముందే పలచబడుతుంది. పాతకాలపు రబ్బరుకూ అది పడదు. చోక్ తీగ కూడా సాగి ఉంది, పూర్తిగా లాగినా మూత పూర్తిగా మూసుకోవట్లేదు. ఇప్పుడు చెప్పండి, కారణం ఏది? పగులా, పెట్రోలా, తీగా, తెల్లవారుజామా? పగులు మధ్యాహ్నమూ ఉంది, పెట్రోలు అన్ని బళ్లలోనూ అదే. విడివిడిగా చూస్తే ఏ ఒక్కదాంట్లోనూ ఆ దడ కనపడదు.

ఈ ప్రశ్న ఈ నేలకు కొత్తది కాదు. జగ్గయ్యపేట పక్కన ధనబోడు మీద బౌద్ధ స్తూపం ఉంది. అమరావతి స్తూపంతో పాటు దాని గురించీ జేమ్స్ బర్జెస్ 1887లో పుస్తకం వేశాడు. అక్కడ దొరికిన ఒక బుద్ధ విగ్రహం కింది శాసనంలో నాగార్జునాచార్యుడి పేరు, ఆయన శిష్యుడి పేరు, ఆ శిష్యుడి శిష్యుడి పేరు ఉన్నాయి. లిపి ఆరో శతాబ్దం దాపుది. రెండో శతాబ్దానికి చెందుతాడని చెప్పే మాధ్యమిక తాత్వికుడు నాగార్జునుడు ఈయన కాకపోవచ్చు, కాలం కుదరదు. అయినా ఆ పేరు ఇక్కడి రాతి మీద ఉండడం నాకు ఊరకనే పోయే సంగతిగా తోచదు. ఎందుకంటే ఆ మొదటి నాగార్జునుడు తన ప్రధాన గ్రంథాన్ని మొదలుపెట్టిందే కారణాల పరీక్షతో. ఫలితం కారణంలో ముందే దాగి ఉందా? లేకపోతే లేనిది ఎలా పుట్టింది? కారణాలన్నీ కలిసినప్పుడు మాత్రం అది ఎక్కణ్నుంచి వచ్చింది? దోషాన్ని ఒక వస్తువులో కూర్చోబెట్టి పేరు పెట్టే అలవాటును ఆయన ఊపిరాడనివ్వడు.

అలాగని మేస్త్రి చేతులు కట్టుకుని కూర్చోలేడు. అన్నీ అన్నింటి మీదా ఆధారపడ్డాయని చెబితే బండి ఇంటికి పోదు. వాతావరణాన్ని మార్చలేడు, బంకు పెట్రోలును మార్చలేడు. పైపు మార్చగలడు, తీగ బిగించగలడు. కాబట్టి షెడ్డులో 'కారణం' అంటే ఉన్నవాటిలో చెయ్యి అందేది, తీసి చూస్తే తేడా తెలిసేది. ఇది నాగార్జునుడికి ఎదురు జవాబని నేననను. ఆ పరీక్షకు తట్టుకున్నాక కూడా మనిషి చేతికి మిగిలే పని ఇదేనేమోనని మాత్రం అనుకుంటున్నాను.

కొత్త బళ్లకు స్కానరుంది కదా అంటారు. ఉంది, మంచిదే. కానీ దాని మాట సెన్సరు చెప్పిన మాటే. నీళ్ల వేడి చెప్పే సెన్సరు పూర్తిగా తెగిపోతే స్కానరు పట్టుకుంటుంది. నమ్మదగ్గ అబద్ధం చెబితే, అంటే చల్లటి ఇంజనును గోరువెచ్చగా ఉందని చెబితే, చాలాసార్లు ఏ కోడూ రాదు. కంప్యూటరు పెట్రోలు తగ్గిస్తుంది, బండి పొద్దున్నే పట్టుకోదు. అప్పుడు సెన్సరు విప్పి, గ్లాసుడు వేడి నీళ్లలో ముంచి, మీటరు పెట్టి చూసేవాడు కావాలి. చాలా బళ్లలో 20 డిగ్రీల దగ్గర రెండు మూడు వేల ఓమ్‌లు చూపి, 80 డిగ్రీలకు మూడు వందల దాపుకు దిగాలి. పొద్దున్నే మొదటిసారి సెల్ఫ్ కొట్టక ముందు సెన్సరు చెప్పే వేడి, బయటి గాలి వేడి ఇంచుమించు ఒకటి కాకపోతే అక్కడే అనుమానించాలి. 'తప్పేమీ చూపించట్లేదు' అన్నది 'తప్పు లేదు' అన్నదానితో సమానం ఎప్పుడయింది?

నన్ను ఎక్కువగా తొలిచేది ఇంకొకటి. ఊహ తప్పితే ఖర్చు ఎవరిది? మేస్త్రి ఊహించాడు, రైతు కట్టాడు. ప్లగ్గుల మీద అనుమానం తప్పని తేలాక పాత ప్లగ్గులు వెనక్కి రావు, డబ్బూ రాదు. ఊహించినవాడికి నష్టం లేని చోట ఊహలు తేలికైపోతాయి. అలాగని మేస్త్రులను దొంగలనడం అన్యాయం. మనం డబ్బిచ్చేది దేనికి? పార్టుకిస్తాం, బిగించినందుకిస్తాం. గంటసేపు అడిగి, విని, ఏమీ మార్చకుండా 'ఇది కాదు, ఇదీ కాదు' అని తేల్చినందుకు ఇవ్వమంటే 'చూసినందుకు కూడా డబ్బులా' అంటాం. ఆలోచనకు కూలి లేనప్పుడు ఆలోచించకుండా మార్చేవాడే బతుకుతాడు. ఆ పరిస్థితిలో మనకూ వాటా ఉంది.

మిరప చేలల్లోనూ ఇదే నడుస్తోంది. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి, మందు వేరువేరు. 2021లో కొత్తరకం తామర పురుగు వచ్చి పూతనే తినేసినప్పుడు ఈ తేడా చూసే ఓపిక కూడా ఎవరికీ మిగల్లేదు. ఒకేసారి మూడు నాలుగు మందులు కలిపి కొట్టారు. దుకాణంలో సలహా ఉచితం, సీసాకే వెల. కనీసం ఇక్కడ గరికపాడులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. ఆకు తుంచుకుని వెళితే సీసా అమ్మాల్సిన అవసరం లేని మనిషి దాన్ని తిప్పి చూస్తాడు. పాత కారుకు మాత్రం పరీక్ష ఒకచోట, పార్టు మరోచోట అనే వీలు ఈ హైవే పొడుగునా ఎక్కడా కనపడదు. పరీక్షకు విడిగా రేటు రాసి గోడకు తగిలించిన షెడ్డు నందిగామలో ఒక్కటి తెరిస్తే, ఆ రైతు లాంటివాళ్లు ముందు అక్కడికే వెళతారనే నా నమ్మకం.