జ్వరం తగ్గింది, మనసు తేరుకోలేదు



2020 మార్చి మొదటి వారం మీకు గుర్తుందా? మాదాపూర్ మైండ్‌స్పేస్‌లో ఒక ఉద్యోగికి కరోనా సోకిందన్న అనుమానంతో ఆ భవనం ఖాళీ అయింది. తర్వాత పుణె పరీక్షలో ఆ వ్యక్తికి వ్యాధి లేదని తేలింది. రోగం కన్నా ముందే భయం వచ్చింది. రోగం పోయాక కూడా కొందరిలో అది మిగిలిపోయింది.

ఆ ఏడాదే గచ్చిబౌలి క్రీడాప్రాంగణంలోని భవనాన్ని టిమ్స్ ఆసుపత్రిగా మార్చారు. ఆయాసపడేవారికి ఆక్సిజన్ అందింది. మంచిదే. కాని ఇల్లు చేరాక నిద్రపట్టనివారిని, ఫోన్ మోగితే ఉలిక్కిపడేవారిని, నిన్నటి పని నేడు గుర్తురానివారిని పట్టించుకున్నదెవరు?

ఇది వట్టి ఊహ కాదు. కరోనా వచ్చిన 2,36,379 మంది వైద్య రికార్డులను ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు పరిశీలించి 2021లో ఫలితాలు ప్రకటించారు. ఆరు నెలల్లో నూటికి సుమారు 13 మందికి జీవితంలో మొదటిసారిగా నరాల జబ్బో, మానసిక రుగ్మతో బయటపడింది. ఫ్లూ వచ్చినవారిలో కన్నా ఇది ఎక్కువ. మహమ్మారి మొదటి ఏడాదిలోనే ఆందోళన, కుంగుబాటు ప్రపంచమంతటా 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. వైరస్ దెబ్బ కొంత. ఏకాంతం, ఆత్మీయుల మరణం, ఉద్యోగ భయం కొంత.

మరి మనమేమంటున్నాం? 'మనసు గట్టి చేసుకో' అంటాం. 'ప్రార్థన చాలలేదు' అంటాం. ఎర్రగడ్డ పేరునే తిట్టుగా వాడుకుంటాం. జ్వరమని సెలవడిగిన ఇంజనీరు, దిగులని అడగడానికి సిగ్గుపడుతున్నాడు. కడుపునొప్పి అని అబద్ధమాడుతున్నాడు. ఆ అబద్ధానికి బాధ్యుడు అతనొక్కడేనా?

'అన్నింటికీ జబ్బు పేరు పెడితే మనిషికి బాధ్యత ఉండదు' అని మీరనవచ్చు. ఆ మాటలో కొంత న్యాయముంది. బాధ చెప్పుకోవడం, వైద్యం తీసుకోవడం రోగి బాధ్యతే. అయితే చెప్పుకుంటే పరువు, పదోన్నతి, పెళ్లిసంబంధం పోతాయన్నప్పుడు నోరెలా పెగులుతుంది? చెప్పుకోగల చోటు కల్పించడం మన బాధ్యత. మనది నెరవేర్చకుండా అతనిది అడగడం అన్యాయం.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం శరీర రోగాలతో సమానంగా మనోరోగాలకూ బీమా ఇవ్వాలంది. టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. చట్టముంది, ఫోన్ నంబరుంది. ఇక కావలసింది మన చెవి.

ఈ వారం మీ ఇంట్లో, మీ ఆఫీసులో మౌనంగా ఉన్నవారిని ఒక్కమాట అడగండి: "నిద్ర పడుతోందా?" సలహా ఇవ్వకుండా జవాబు వినండి.