అయస్కాంతానికి స్వభావం ఉందా?

గుణం వస్తువుకు సొంతమా, లేక మరో వస్తువుతో ఉన్న సంబంధంలోంచి పుట్టేదా అన్నది మన తత్త్వశాస్త్రంలో పాత వివాదం. గుణం ద్రవ్యంలో సమవాయంతో, అంటే విడదీయరాని సంబంధంతో, నిలిచి ఉంటుందని వైశేషికులు వాదించారు. అయితే సూది అయస్కాంతం వైపు ఎందుకు జరుగుతుందో చెప్పవలసి వచ్చినప్పుడు వైశేషిక సూత్రకారుడు కణాదుడు కూడా అదృష్టాన్నే, అంటే కంటికి కనిపించని కారణాన్నే, చూపాడు. ఇతరాలపై ఆధారపడని స్వభావం దేనికీ లేదన్నాడు బౌద్ధ తత్త్వవేత్త నాగార్జునుడు. విద్యుత్తు, అయస్కాంతత్వాల విషయంలో నాగార్జునుడి వైపే ఆధారాలు బలంగా ఉన్నాయని నా అభిప్రాయం.

ఒక విద్యుత్ ద్విధ్రువం (వ్యతిరేక ఆవేశాల జంట), ఒక అయస్కాంత ద్విధ్రువం (రెండు ధ్రువాలున్న చిన్న అయస్కాంతం) పక్కపక్కనే కదలకుండా ఉంటే వాటి మధ్య ఏ బలమూ ఉండదు. అదే అయస్కాంతం తన ధ్రువాలను కలిపే గీతకు అడ్డంగా కదిలితే, దానికి విద్యుత్ ద్విధ్రువ లక్షణం కూడా వస్తుంది. పక్కనున్న విద్యుత్ ద్విధ్రువాన్ని తిప్పగలుగుతుంది. అయస్కాంతంతో పాటే ప్రయాణించే పరిశీలకుడికి అందులో ఆ లక్షణమే కనిపించదు. అవతలి ద్విధ్రువంలోని ఆవేశాలు అయస్కాంత క్షేత్రంలో కదలడం వల్లే బలం పుట్టిందంటాడు. జరిగింది ఒకటే, కారణాలు రెండు. 1905లో ఐన్‌స్టీన్ తన సాపేక్షతా పత్రాన్ని ఈ చిక్కుతోనే మొదలుపెట్టాడు: అయస్కాంతం కదిలినా తీగ కదిలినా పుట్టే కరెంటు ఒకటే, నాటి సిద్ధాంతం చెప్పే కారణాలు మాత్రం వేరు.

నిశ్చలంగా ఉన్నప్పటి స్థితే అసలు స్వభావం అనవచ్చు కదా? ఇది తేలిగ్గా తీసేయదగ్గ ఆక్షేపణ కాదు. నిశ్చలస్థితిలో ఎలక్ట్రాన్‌కు అయస్కాంత భ్రామకం ఉంది. విద్యుత్ ద్విధ్రువ భ్రామకం ఎంత సూక్ష్మంగా వెతికినా ఇంతవరకు దొరకలేదు. కానీ ఒకదానికొకటి సాపేక్షంగా కదిలే రెండు ద్విధ్రువాలు ఏ పరిశీలకుడికీ ఒకేసారి నిశ్చలంగా కనిపించవు. వాటి మధ్య బలాన్ని వివరించడానికి దేని నిశ్చలస్థితిని ప్రమాణంగా తీసుకోవాలి? ఒకదాన్ని ఎంచుకోవడానికి ప్రకృతిలో కారణం లేదు. అలాగని ఇదంతా చూసేవాడి మనసులోని కల్పన అనడమూ తప్పే. ఇక్కడ పరిశీలకుడంటే చైతన్యం కాదు, ఒక మీటరు చాలు. పైగా విద్యుత్ క్షేత్రపు వర్గంలోంచి, కాంతివేగంతో గుణించిన అయస్కాంత క్షేత్రపు వర్గాన్ని తీసేస్తే మిగిలే విలువ అందరికీ ఒకటే. క్షేత్రం నిజం, అందులో ఎంత భాగం విద్యుత్తు, ఎంత భాగం అయస్కాంతత్వం అన్న పంపకమే సంబంధాన్ని బట్టి మారుతుంది. ఎలక్ట్రాన్ ఆవేశం మాత్రం ఎంత వేగంతో వెళ్తూ కొలిచినా మారదు. వైశేషికుల వాదం అక్కడ ఇంకా నిలిచే ఉంది.